కింద రాసిన రెండు

నెలిదా పరీక్ష కాగితం మీద
"రెండు" అని రాసింది.
ప్రశ్న: ఒక నీటి అణువులో పరమాణువులు ఎన్ని?
ఫాకుందో మాస్టారు ఎర్ర పెన్నుతో కొట్టేశాడు.
కొట్టేసి, ఎందుకో,
ఆ గీతను వేలితో తుడవబోయాడు.

రెండని ఎందుకనుకుందో నాకు తెలుసు.
అందులో ఉన్నవి రెండు రకాలే.
కానీ రకం వేరు, లెక్క వేరు.
కుక్కలూ కోళ్ళూ తప్ప ఇంకేమీ తిరగని వాకిట్లో
రెండే ప్రాణులున్నాయంటామా?

పైగా ఆ రెండంకె
హెచ్ కాళ్ళ దగ్గర ఒదిగి కూర్చున్నది,
మరీ చిన్నది.
మనకిది కొత్త కాదు.
వత్తు కిందే ఉంటుంది,
మరిచామా, పత్తి కాస్తా పతి అయిపోతుంది.
నెలిదా భాషలో వత్తుల్లేవు.
బస్సు కోసం నిలబడ్డట్టు
అక్షరాలన్నీ ఒకే వరసలో నిలబడతాయి.
కింద ఎవరైనా కూర్చున్నారా అని
వంగి చూసే అలవాటు ఎవరికుంటుంది?

లీమా నగరం చివర, శాన్ ఎలోయ్ కొండ.
ఆగస్టులో ఆకాశం తడిగుడ్డలా వేలాడుతుంది,
పిండితే చుక్క రాదు.
చినుకు కాని ఆ చినుకుని అక్కడివాళ్ళు
గరువా అంటారు.
అది చొక్కాని తడుపుతుంది, గొంతుని తడపదు.
తాగే నీళ్ళు లారీలో వస్తాయి,
నీలం డ్రమ్ముకి ఇంతని.
లారీ కొండ మొదట్లోనే ఆగిపోతుంది.
అక్కణ్ణించి పసుపు రంగు మెట్లు,
నూట డెబ్బై మూడు.
ఈ లెక్క మాత్రం నెలిదా ఎన్నడూ తప్పలేదు.

మర్నాడు మాస్టారు సంచిలోంచి
ఒక బంగాళాదుంప తీశాడు,
రెండు మొక్కజొన్న గింజలు, రెండు అగ్గిపుల్లలు.
దుంపకి పుల్లలు గుచ్చి, కొసల్లో గింజలు అంటించాడు,
తిన్నగా కాదు, కొంచెం వంకరగా.
"వంకరెందుకు?" అన్నాడు వెనక బెంచీ విల్మెర్.
"తిన్నగా ఉంటే ఇది మనకి తెలిసిన నీళ్ళు కాదు,"
అని మాస్టారు దగ్గాడు.
అంతకు మించి ఆయనకీ తెలీదేమో.
"మధ్యది బరువు. పక్కవి తేలిక. లెక్కపెట్టండి."
మూడు, అంది తరగతి.
మూడు, అంది రేకుల కప్పు.
నెలిదా పెదవులు కదిపింది, అంతే.

సాయంత్రం లారీ హారన్.
మెట్ల మీద వాళ్ళమ్మ దొమితిలా,
రెండు చేతులకీ రెండు బకెట్లు.
పైనుంచి చూసి నవ్వుకుంది నెలిదా:
ఒకటి, రెండు, మూడు.
తర్వాత నవ్వు ఆగింది.
ఇక్కడ మధ్యది తేలిక.
పక్కవే బరువు.
మెడ నరాలు తాళ్ళలా పైకి తేలాయి.
పది మెట్లకోసారి ఆగుతోంది,
బకెట్లు దించకుండానే ఆగుతోంది.
దించితే మళ్ళీ ఎత్తాలి కదా.
మాస్టారి దుంప ఇలా లేదు.

పరుగున దిగింది.
కింద ఇంకా మిగిలే ఉంది,
రెండు పిడుల పెద్ద తొట్టి.
అమ్మ బకెట్లు ఇంట్లో పెట్టి వచ్చేదాకా
దాని పక్కన కాపలా నిలబడింది,
వీధికుక్క మూతి పెట్టకుండా.

ఒక పిడి అమ్మ పట్టింది,
ఒక పిడి తను.
నడుమ తొట్టి ఊగుతూ,
చెరో పక్క ఇద్దరూ కాస్త వంగి,
పొడుగు ఒకటి, పొట్టి ఒకటి.
నూట పదహారో మెట్టు మీద కొన్ని నీళ్ళు ఒలికాయి.
అందులోని అణువులు లెక్కపెట్టాలంటే
లోకంలో జనమంతా కూర్చుని
జన్మంతా లెక్కపెట్టినా చాలదని
మాస్టారోసారి చెప్పాడు.
అమ్మ ఒక్క చూపు చూసి తేల్చేసింది:
"అర కప్పు."

చివరి మలుపులో ఊపిరి తీసుకుంటూ
నెలిదా అడిగింది,
"అమ్మా, ఇప్పుడు మనం ఎన్ని?"

"ఎన్నేమిటే, ఇద్దరమేగా."

"కాదు," అంది నెలిదా,
తొట్టివైపు చూస్తూ.